నాలుగుసార్లు లాగితే

"ఈ కాగితం పంచితే సభకి నేను రాను. నేను తెప్పించిన కుర్చీలు కూడా వెనక్కి తీసుకుపోతాను!"

లైబ్రేరియన్‌కి అంత గొంతు ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నలభై ఏళ్ళు 'నిశ్శబ్దం' అన్న బోర్డు కింద కూర్చున్న మనిషి, ఆ నలభై ఏళ్ళలో దాచుకున్న అరుపులన్నీ ఇవాళే అరిచేసి, చేతిలో కాగితాన్ని బల్లమీద కొట్టి, చెప్పులు కుడీ ఎడమా చూసుకోకుండా వేసుకుని వెళ్ళిపోయాడు. గేటు ఇంకా ఊగుతూనే ఉంది.

"పోతే పోనీ," అంది అక్క. "కుర్చీలు లేకపోతే నిలబడి వింటారు. మన నాన్న కోసం ఒక గంట నిలబడలేరా?"

చిన్నమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. యాభై రెండేళ్ళు వచ్చి, జుట్టు సగం నెరిసి, ప్రెస్సులో ప్రూఫులు దిద్దీ దిద్దీ కళ్ళజోడు మందం రెండింతలైనా ఆ ఇంట్లో ఆమె చిన్నమ్మాయే. తండ్రి పోయి వారమైంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఆ పేరుతో పిలవడానికి అక్క ఒక్కతే మిగిలింది.

"చూస్తూ నిలబడ్డావేం? నువ్వున్నావుగా ఆ రోజు! నీ కళ్ళతో చూశావుగా! ఆ పెద్దమనిషికి ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చూశానక్కా."

"అదే, చూశానని ఆయనతో అనొచ్చుగా. నాతో అంటే ఏం లాభం?"

చిన్నమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి కాగితం తీసుకుంది. ఆదివారం సంస్మరణ సభలో పంచడానికి అక్క తన చేత్తో రాసింది. పైన తండ్రి పేరు. దాని కింద, ఇరవై రెండేళ్ళు నేవీలో డైవరుగా పనిచేశారు. ఓడల అడుగున, కన్ను పొడుచుకున్నా కానరాని నీళ్ళలో దిగి పనిచేశారు. ఇవన్నీ నిజాలే. లైబ్రేరియన్‌కి ఒళ్ళు మండింది చివరి వాక్యానికి; తండ్రి సంగతి తెలిసిన పాత స్నేహితుడాయన.

'జీవితమంతా నాస్తికుడిగా బతికినా, చివరి ఘడియల్లో జపమాల చేతపట్టి, దైవాన్ని తలుచుకుంటూ ప్రశాంతంగా కన్నుమూశారు.'

"ఆ ఒక్క వాక్యం తీసేద్దామా అక్కా?"

"ఎందుకు?"

చిన్నమ్మాయి కాగితం అంచు వేలితో సాపు చేసింది.

"ఎందుకు తియ్యాలో చెప్పు. అబద్ధమా? నువ్వు చెప్పు, అబద్ధమైతే ఇప్పుడే చింపేస్తాను."

అబద్ధం అని ఒక్క మాట అనాలి. నోటిదాకా వచ్చిందా మాట. వచ్చి, అక్కడే కూర్చుంది.

"నాన్నకి... ఇలాంటివి ఇష్టం ఉండేది కాదు కదా. తన సంగతులు నలుగురికీ చెప్పుకోవడం," అంది చివరికి.

"ఇష్టం లేదని ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ చెప్పకుండా బతికాడు. ఏమైంది? కాలనీలో సగం మంది ఆయన్ని రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ అనుకుంటున్నారు! ఈ ఒక్కటీ చెప్పనివ్వు చిన్నీ." అక్క గొంతు తగ్గింది. "పదకొండేళ్ళు ఆయనతో మాట్లాడకుండా ఉన్నాను. నాకు తెలుసు నేనేం పోగొట్టుకున్నానో. దొరికింది ఇదొక్కటే."

ఆ పదకొండేళ్ళ సంగతి చిన్నమ్మాయికి కొత్త కాదు. బావ పోయినప్పుడు ఇంటి నిండా ప్రార్థనలు జరుగుతుంటే తండ్రి వరండాలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. లోపలికి రమ్మని అక్క చేతులు పట్టుకుని బతిమాలింది. "నీ పక్కన కూర్చోమంటే రాత్రీ పగలూ కూర్చుంటానమ్మా. కళ్ళు మూసుకుని రానిది వచ్చినట్టు నటించమంటే నావల్ల కాదు," అన్నాడాయన. అంతమందిలో అక్కకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు మానేసిన మాట, ఆయనకు పక్షవాతం వచ్చి నోరు పడిపోయాక గానీ మళ్ళీ కలపలేదు. కలిపేసరికి అవతల జవాబు చెప్పే మాటే లేకుండా పోయింది.

ఆయన మాత్రం ఎవరి నమ్మకం జోలికీ వెళ్ళే మనిషి కాదు. చిన్నప్పుడు కూతుళ్ళిద్దరూ దేవుడున్నాడా నాన్నా అని అడిగితే, "నా చేతికి తగల్లేదురా. మీకు తగిలితే వచ్చి చెప్పండి," అన్నాడు. వెటకారం కాదది, ఆయన వృత్తి. మట్టి నీళ్ళలో కళ్ళు పనికిరావు. చేత్తో తడిమిందే చూసినట్టు. పైకి వచ్చాక చేతికి తగిలింది మాత్రమే చెప్పాలి. తగలనిది, పై అధికారి ఎంత మొహం మాడ్చుకున్నా, దొరకలేదనే రాయాలి.

"తగిలితే చెప్పమన్నాడు కదా," అంది అక్క, చెల్లెలి మనసులోకి తొంగిచూసినట్టే. "నాకు తగిలింది. వెళ్ళి చెప్పాను. విన్నాడు. అంతే."

కాగితం తీసుకుని మడిచి మళ్ళీ చెల్లెలి చేతిలో పెట్టింది. "మీ ప్రెస్సులోనే వెయ్యించు. మూడు వందలు. తప్పుల్లేకుండా చూడు, నీ చేతిలో పనేగా."

తప్పుల్లేకుండా చూడు. చిన్నమ్మాయికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఎందుకంటే ఆ రోజు జరిగింది వేరు.

పక్షవాతంతో ఆయనకు కుడి పక్కంతా పోయింది, ఎడమ చెయ్యి మిగిలింది. ఆస్పత్రి నుంచి తెచ్చిన రెండో రోజే చిన్నమ్మాయి ఒక నూలు నాడా తెచ్చి, ఒక కొస ఆయన ఎడమ మణికట్టుకి, రెండో కొస తను కూర్చుని ప్రూఫులు దిద్దుకునే కుర్చీ చేతికి కట్టింది. డైవర్ల భాష అది. నీళ్ళలో దిగినవాడికి నోరు ఉండదు. నడుముకి కట్టిన తాడే నోరు. ఒకసారి లాగితే, బాగున్నాను. రెండుసార్లు లాగితే, కిందికి వదులు. మూడుసార్లు, వస్తున్నాను, సిద్ధంగా ఉండు. నాలుగుసార్లు లాగితే, నన్ను పైకి లాగు.

ఈ భాష అక్కకు రాదు. ఆమెకు నీళ్ళంటే భయం, చిన్నప్పుడు రేవు మెట్ల దాకా కూడా వచ్చేది కాదు. చిన్నమ్మాయికి మాత్రం తండ్రి ఎనిమిదో ఏటే నేర్పాడు. నడుముకి తాడు కట్టి మెట్ల దగ్గర నీళ్ళలో దింపేవాడు. పైన తాడు పట్టుకునేది ఆయన జోడీ. ఆయనను పిల్లలు తాడు మామ అనేవారు.

మంచం మీద అవే నాలుగు మాటలు తండ్రీ కూతుళ్ళకు సరిపోయాయి. ఒకసారి లాగేవాడు. ఆమె తిరిగి ఒకసారి లాగేది. ఉన్నావా, ఉన్నాను. రెండంటే పడుకోబెట్టు. నాలుగంటే లేపి కూర్చోబెట్టు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది, చదునుగా పడుకోబెట్టొద్దు, మూడు దిండ్లు తగ్గొద్దు అని డాక్టరు చెప్పే పంపించాడు.

ఆ మధ్యాహ్నం అక్క తన ప్రార్థన బృందాన్ని తీసుకువచ్చింది. పదిమంది ఆడవాళ్ళు. నాడా చూసి అక్క మొహం మాడ్చుకుంది. "మనిషిని ఇలా కట్టేస్తారా ఎవరన్నా? నలుగురూ ఏమనుకుంటారు!" అని ముడి విప్పేసింది. "పిలవడానికక్కా," అంటే, "పిలవడానికి నేను పక్కనే ఉన్నానుగా," అంది. మెడ వాలిపోతోందని రెండు దిండ్లు తీసేసింది. జపమాల ఒక కొస ఆయన ఎడమ చేతిలో పెట్టి, రెండో కొస తను పట్టుకుంది. ప్రార్థన మొదలైంది.

కాసేపటికి ఆ చెయ్యి కదిలింది.

నాలుగుసార్లు లాగింది. ఆగింది. మళ్ళీ నాలుగుసార్లు.

"చూడండి, చూడండి! పూసలు లెక్కపెడుతున్నాడు మా నాన్న!" అని అక్క కేకపెట్టింది. ఆ ముఖంలో వెలుగు చిన్నమ్మాయి పదకొండేళ్ళుగా చూడలేదు. ఆ ముఖం చూసి నోరు కట్టేసుకుంది. ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకుంటున్న కారణం అదే. ఇంకో కారణం కూడా ఉంది. దాని వైపు మాత్రం ఆమె తిరిగి చూడటం లేదు.

"అందరికీ టీ పెట్టుకొస్తాను," అని గదిలోంచి బయటికి వచ్చేసింది. టీ తీసుకుని వెళ్ళాక అందరూ కప్పులు అందుకునే సందట్లో లేపి కూర్చోబెడదామనుకుంది. పన్నెండు కప్పుల నీళ్ళు మరగడానికి ఎంతసేపు పడుతుందో, పెట్టేవాళ్ళకు తెలుసు. ట్రేతో తిరిగి వచ్చేసరికి అక్క వేలు పెదవి మీద పెట్టుకుని, "చప్పుడు చెయ్యకు, నిద్రపోయాడు," అంది.

కాగితం ఆ సాయంత్రమే ప్రెస్సుకు పంపేసి, శనివారం పొద్దున్న తను వెళ్ళింది.

ప్రెస్సు ఓనరు మంచివాడే. ఆయన లోపమల్లా ఎవరైనా పోతే వాళ్ళను గురించి ఏదో ఒకటి గుర్తు తెచ్చుకుని, పని ఆపి మరీ చెప్పడం. కట్టింగు మిషను దగ్గర అంచులు కోస్తూనే మొదలుపెట్టాడు.

"మీ నాన్నగారు ఇక్కడికి ఎందుకొచ్చేవారో తెలుసా అమ్మా? ఈ కోసిన కాగితం పేలికల కోసం. పుస్తకాల్లో గుర్తులు పెట్టుకోవడానికట. ఊరికే ఇస్తానంటే తీసుకునేవారు కాదు, ఒక గంట కూర్చుని అచ్చయిన ఫారాలు మడిచి పెట్టి పోయేవారు. మడత చూస్తే కత్తితో గీసినట్టుండేది. నేవీలో చేశారని నిన్న మీ అక్కగారు చెబితే గానీ తెలీలేదు. ఇన్నేళ్ళలో ఒక్క ముక్క అనలేదు సుమండీ!"

"అంతేనండీ ఆయన."

"అంత పట్టుదల మనిషి కూడా చివరికి జపమాల పట్టుకున్నాడంటే... నాకు ఒళ్ళు గగుర్పొడిచిందనుకోండి."

చిన్నమ్మాయి కిటికీ పక్క తన బల్ల దగ్గర కూర్చుంది. తడి ఇంకా ఆరని ప్రూఫు ముందు పెట్టారు. ఎర్ర పెన్ను మూత తీసింది.

తండ్రి పుట్టిన సంవత్సరంలో ఒక అంకె తప్పు పడింది, దిద్దింది. రెండు పదాల మధ్య ఖాళీ ఎక్కువైంది, దగ్గరికి జరపమని గుర్తు పెట్టింది. సభ మొదలయ్యే సమయం సాయంత్రం నాలుగుకి బదులు నలభై అని పడింది, కొట్టేసింది. చివరి వాక్యం దగ్గర పెన్ను ఆగింది.

ఒక్క అడ్డగీత చాలు. పక్కన మార్జిన్లో తీసెయ్యమని ఒక చిన్న గుర్తు. రోజుకు యాభైసార్లు పెడుతుందా గుర్తు, ఎవరెవరి వాక్యాలకో.

గీస్తే అక్క అడుగుతుంది. అడిగితే చెప్పాలి. నాన్న జపం చెయ్యలేదక్కా, ఊపిరాడక లేపమన్నాడు, అనాలి. దిండ్లు తీసింది అక్క. ఆ మాట విన్నాక అక్క ఏమైపోతుంది? ఇలా అనుకుంటే చిన్నమ్మాయికి కాస్త ఊరటగా ఉంది. అక్క మీద జాలి అనుకుంటే చెప్పకపోవడం మంచితనంలా కనిపిస్తోంది. ఎనిమిది రోజులుగా ఆ మంచితనాన్నే కప్పుకుని పడుకుంటోంది. నిద్ర మాత్రం పట్టడం లేదు.

"చూశారా అమ్మా? ప్రింట్ ఆర్డర్ ఇచ్చేస్తే మిషనెక్కించేస్తాను," అన్నాడు ఓనరు, వెనక నుంచి.

ఆ ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. ప్రూఫు చూసినవాళ్ళు అడుగున 'తప్పుల్లేవు, అచ్చువేయవచ్చు' అని స్వహస్తంతో రాసి సంతకం పెట్టాలి. సంతకం పడ్డాక ఏ తప్పు దొర్లినా అది దిద్దినవాళ్ళ తప్పే. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వేలసార్లు రాసిందో ఆ రెండు ముక్కలూ.

రాసింది. సంతకం పెట్టింది.

సిగ్గేసింది. చెప్పుకోవడానికి వీల్లేని సిగ్గు, బట్ట జారిపోయి నడివీధిలో నిలబడ్డట్టు. ఓనరు ఆ కాగితం తీసుకుని, పెద్దవాళ్ళకు చేసినట్టు ఒకసారి కళ్ళకద్దుకుని మిషను వైపు వెళ్ళాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలవేళ దాటాక తాడు మామ వచ్చాడు.

ఎనభై దాటిన మనిషి. రెండు బస్సులు మారి, చేతిలో చిన్న సంచితో, ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కాడు. పదహారేళ్ళు ఆయన పైన నిలబడ్డాడు, తండ్రి కింద పనిచేశాడు. ఒకరి ప్రాణం ఒకరి గుప్పిట్లో పెట్టుకున్న స్నేహం. అయినా ఇద్దరూ కలిస్తే అరగంటకొక మాట మాట్లాడుకునేవాళ్ళు, అదీ వాన గురించి.

"ఎంతయిపోయావే చిన్నమ్మాయ్," అన్నాడు. "నీ తల చూస్తే నాది నల్లగా ఉన్నట్టుంది."

"నీకు తలమీద ఏముందని మామా నల్లగా ఉండటానికి?"

నవ్వాడు. ఆ నవ్వు ఖాళీ మంచం చూడగానే ఆగిపోయింది. మంచం పక్కన కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

అక్క సభకు వెళ్ళడానికి తయారై వచ్చింది. ఆమె చేతిలో కరపత్రాల కట్ట. "మామా, నువ్వు రావడం ఎంత మంచిదైందో! నీకు నేనే చెప్పాలి. ఎవరూ నమ్మడం లేదు. ఆ లైబ్రేరియనైతే నా మీదకి కొట్టడానికొచ్చినంత పనిచేశాడు."

"ఏమైందమ్మా?"

చెప్పింది. ఆ రోజు ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో, ఏ ప్రార్థన చదువుతున్నారో, కిటికీలోంచి ఎండ ఎలా పడిందో, ఏదీ వదలకుండా చెప్పింది. తొమ్మిది రోజుల్లో కనీసం ముప్ఫైమందికి చెప్పిన కథ. చెప్పిన ప్రతిసారీ అక్క కళ్ళు నిజంగానే తడిసేవి.

చిన్నమ్మాయి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎటో ఒకవైపు చూడాలి కాబట్టి వీధి చూసింది.

"అప్పుడు, మామా, పూసలు లాగాడు. నా చేతిలో కొస ఉంది కదా, నాకు తెలిసింది. ఇదిగో, ఇలా." అక్క మెడలోంచి జపమాల తీసి, ఆయన ముసలి వేళ్ళ మధ్య ఒక కొస పెట్టి, రెండో కొస పట్టుకుని లాగింది. "ఇలా. ఇలా. ఇలా. ఇలా. కాసేపాగాడు. మళ్ళీ..."

"ఎన్ని?" అన్నాడు తాడు మామ.

"నాలుగు. మళ్ళీ నాలుగు. మా గురువుగారిని అడిగితే, నాలుగు పూసలకొక నామం అన్నారు."

తాడు మామ వేళ్ళు జపమాలను వదల్లేదు. అవి పదహారేళ్ళు తాడు చదివిన వేళ్ళు. ఎన్ని బారుల లోతున ఎవడు ఊపిరికి ఇబ్బందిపడుతున్నాడో, మొహం చూడకుండా చెప్పగలిగిన వేళ్ళు. చిన్నమ్మాయి వీపు తిప్పుకునే ఉంది. అయినా ఆయన తన వైపే చూస్తున్నాడని తెలిసింది.

"ఏమైంది మామా? అలా ఉన్నావేం? ఒంట్లో బాగాలేదా? మంచినీళ్ళు తేనా?"

"నువ్వు కూర్చోమ్మా." ఆయన చూపు కిటికీ వైపే ఉంది. "చిన్నమ్మాయ్. ఆ రోజు నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే మామా."

"చూశావా?"

"చూశాను."

"లెక్కపెట్టావా?"

చిన్నమ్మాయి కిటికీ చువ్వ పట్టుకుంది.

"ఏమిటి మీరిద్దరూ?" అంది అక్క. "నాలుగంటే ఏమిటి? చెప్పు మామా."

"నేను చెప్పకూడదమ్మా. ఓడమీద మాకొక కట్టుబాటుంది. తాడు మీద ఏ కబురొచ్చినా, అది అందుకున్నవాడే పైకి గట్టిగా చెప్పాలి. పక్కనున్నవాడికి తెలిసినా నోరెత్తకూడదు. ఇద్దరు రెండు రకాలుగా అరిస్తే కింద ఉన్నవాడు పోతాడు." ఆయన అక్కని చూడటం లేదు. "తాడు కొస నీ చేతిలో ఉండొచ్చమ్మా. కబురు అందింది నీకు కాదు."

"మామా, వద్దు," అంది చిన్నమ్మాయి. "అక్క తట్టుకోలేదు."

"అక్క మీద జాలా?" ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "సరే, జాలే అనుకుందాం. అయితే నేను ఇలాగే బస్సెక్కి వెళ్ళిపోతాను. సభలో వాడి గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. వాడు చెయ్యనిది నేను చెప్పలేను. వాడు అడిగింది ఏమిటో చెప్పడం నా పని కాదు."

సంచి అందుకున్నాడు. మోకాళ్ళ మీద చేతులానించి లేవబోయాడు.

అప్పుడు చిన్నమ్మాయి ఇటు తిరిగింది.

"లేపమన్నాడక్కా."

"ఎవరిని?"

"తనని. నాలుగుసార్లు లాగితే, పైకి లాగమని. చిన్నప్పుడు నాకు నేర్పాడు. మంచాన పడ్డాక మేమిద్దరం అలాగే మాట్లాడుకునేవాళ్ళం. ఆ నాడా అందుకే. నాలుగంటే లేపి కూర్చోబెట్టమని. ఊపిరాడలేదు నాన్నకి. పూసలు లెక్కపెట్టలేదు."

అక్క మొహంలో ముందు ఏమీ కదల్లేదు. తరవాత ఆమె కళ్ళు మెల్లగా మంచం తలవైపుకి, అక్కడున్న దిండ్ల మీదకి వెళ్ళాయి. ఆగాయి. చేతిలో కరపత్రాల కట్ట ఒళ్ళోకి జారింది.

"దిండ్లు తీసింది నేను," అంది.

"నీకు తెలీదు కదక్కా."

"నాకు తెలీదు." అక్క ఆ మాటను నోట్లో పెట్టుకుని రుచి చూసినట్టు మళ్ళీ అంది. "నాకు తెలీదు. నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసి ఎందుకు చెప్పలేదే?"

"నీ ముఖం చూసి. అంత సంతోషంగా ఎప్పుడూ చూళ్ళేదు నిన్ను. చెప్పలేకపోయాను."

తాడు మామ సంచి మళ్ళీ కింద పెట్టి కూర్చున్నాడు. ఆ ముసలాయన అక్కడ కూర్చుని ఉండగా సగం చెప్పి ఊరుకోవడం చిన్నమ్మాయికి చేతకాలేదు. తొమ్మిది రోజులుగా వెనక్కి తిరిగి చూడని ఆ రెండో కారణం ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడింది.

"అదొక్కటే కాదు," అంది, నేల చూస్తూ. "ఆ రోజు పొద్దున్న నువ్వు ఇంకో నెల ఉంటానన్నావు. రాత్రుళ్ళు నువ్వు చూసుకుంటానన్నావు. నాలుగు నెలలైందక్కా నేను తిన్నగా పడుకుని. నాన్న దేవుణ్ణి తలుచుకోవడం లేదంటే నీకు కోపమొస్తుంది, పదకొండేళ్ళ కింద పోయినట్టే పోతావు, మళ్ళీ నేనొక్కదాన్నే అనుకున్నాను. నాన్న నాలుగు లాగాడు, నేను లెక్కపెట్టాను, నా నిద్ర గురించి ఆలోచించాను. ఒక్క పది నిముషాలే కదా అనుకుని టీ పెట్టడానికి వెళ్ళాను."

చెప్పేసింది. చెబితే బరువు దిగుతుందంటారు. దిగలేదు. పైగా ఇప్పుడది ముగ్గురూ చూసేలా గది మధ్యలో పడి ఉంది.

అక్క ఏడవలేదు. లేచి వచ్చి లెంపకాయ కొడుతుందని చిన్నమ్మాయి ఎదురుచూసింది, కొడితే బాగుండునని కూడా అనుకుంది. అక్క కరపత్రం ఒకటి తీసి, చివరి వాక్యం చదువుకుంది. పెదవులు కదుపుతూ, అక్షరం అక్షరం.

"ఇది నువ్వే దిద్దావుగా?"

"ఆఁ."

"సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"పదకొండేళ్ళ తరవాత నాన్న నా మాట విన్నాడనుకున్నాను," అంది అక్క. "తొమ్మిది రోజులు నాకు నాన్న ఉన్నాడు. ఇప్పుడు ఆయన లేడు, దిండ్లు తీసిన నేనున్నాను. ఆ రోజు చెప్పడం నీకు కష్టం, చెప్పలేదు. ఇవాళ దాచుకోవడం కష్టమైంది, చెప్పేశావు. రెండుసార్లూ నీకేది సులువో అదే చేశావు చిన్నీ."



వీధిలోంచి ప్రార్థన బృందంలో పెద్దావిడ కేక వేసింది. "అమ్మా, నాలుగవుతోంది! హాలు నిండిపోయింది. ఆ లైబ్రేరియన్ కూడా వచ్చాడు, వెనకాల నిలబడ్డాడు. మొదట మీరే మాట్లాడాలి, రండి!"

"వస్తున్నాం," అంది అక్క. అద్దం దగ్గరికి వెళ్ళి మొహం తుడుచుకుంది. జపమాల తాడు మామ చేతిలోనే ఉంది. అడగలేదు. కరపత్రాలన్నీ సర్ది చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"అక్కా, అక్కడ ఏం చెబుతావు?"

"నాకు తెలీదు. మైకు ముందుకి వెళ్ళేదాకా తెలీదు." వెనక్కి తిరిగింది. "నువ్వు మాత్రం మొదటి వరసలో కూర్చో. నేను మాట్లాడుతున్నంతసేపూ నా ముఖం చూడు. చూసే కదా ఆ రోజు ఊరుకున్నావు, ఇవాళ కూడా చూడు."

అక్క మెట్లు దిగిపోయింది. తాడు మామ లేచి, చిన్నమ్మాయి ముందు నడుస్తుందేమోనని గుమ్మం పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. ఆమె చెప్పులు వేసుకుంది.